వైకురా లోయ ఖాళీ ఉచ్చుల గురించి మనవి

వైకురా లోయ అటవీ రక్షణాధికారి గారి సముఖమునకు

అయ్యా,

విషయం: బీచ్ చెట్ల అడవి విరగకాసినందున, తరలించుకుపోయిన ఎలుకల ఉచ్చులను వసంతం రాకముందే తిరిగి ఇప్పించుట గురించి.

ఈ లోయ వాస్తవ్యుడను, ఉచ్చుల సంఘం కార్యదర్శిని అయిన హోహెపా టిపా విన్నవించుకొనునది ఏమనగా:

1. గత వసంతంలో మా కొండల మీది బీచ్ చెట్లన్నియు ఒక్కసారిగా ఎర్రగా పూసినవి. తమ కార్యాలయం వారు ఆ పూతను ఫొటో తీసి యాత్రికుల కోసం గోడపత్రిక వేయించినారు. మా మెరెయానా అత్త ఆ గోడపత్రిక చూసి, ఇంట్లోకి వెళ్ళి తలుపేసుకుంది. బీచ్ ఏటా కాయదు. కాసిన ఏడు నేలంతా గింజే. మా ముత్తాతలకు అది ఎలుకల వేట పండగ. బలిసినవాటిని కొవ్వులో వండి దాచుకునేవారు. ఆ ఎలుక వేరు. ఇప్పుడున్నది ఓడలు దిగి వచ్చిన జాతి, చిటారు కొమ్మదాకా ఎక్కుతుంది.

2. గింజ రాలిన పిమ్మట మా ఉచ్చులన్నియు ఖాళీగా ఉన్నవి. ఎలుకల పీడ విరగడైందని సంఘం హాల్లో కేకు కోసుకున్నాం. కోసింది నేనే. తమరు వచ్చి, "ఉచ్చులు ఖాళీ అంటే లోయ శుభ్రమైనట్టే కదా బాబాయ్, ఇంకేం కావాలి?" అని ప్రశంసాపత్రం ఇచ్చి, ఉచ్చులను పక్క లోయకు తరలించినారు. లారీ మలుపు తిరిగాక అత్త నోరు విప్పింది: "పెళ్ళివిందులో కూర్చున్నవాడికి నీ ఉచ్చులోని మురిగిన గుడ్డు ఎందుకురా, వెర్రి నాయనా? కింద అంత గింజ పడుంటే ఉచ్చులోకొచ్చి ఏం తింటాయి?"

3. ప్రస్తుతం మంచు కరుగుచున్నది. మిగిలిన గింజ మొలకెత్తగానే ఎలుకకు తిండి ఉండదు. అప్పుడది పైకి చూస్తుంది. పైన మొహువా ఉంటుంది. ఆ పసుపుతల పిట్ట చెట్టు తొర్రలో పొదుగుతుంది. తొర్రకు ఒకటే వాకిలి. తల్లి గుడ్ల మీదనుంచి లేవదు, వాటితోపాటే పోతుంది. మగపిట్టలు మాత్రం మిగిలి, జత కోసం పాడుతూనే ఉంటాయి. కింది లోయలో అలాగే కొన్నాళ్ళు పాడి ఆగిపోయాయి. ఆ పాట నేను విన్నాను. ఇంకోసారి వినలేనయ్యా.

4. మా ఇదివరకటి మనవికి, వచ్చే బడ్జెట్‌లో పరిశీలించెదమని తమ జవాబు అందినది. ఈ సంగతి ఎలుకలకు ఎవరు చెప్పాలో కూడా తెలుపగోరుచున్నాము.

కావున మొహువా గూట్లో కూర్చోకముందే మా ఉచ్చులను మాకు పంపవలెననియు, ప్రశంసాపత్రం కావలసినచో తిరిగి ఇచ్చుటకు సిద్ధమనియు మనవి. చదివి పక్కన పెట్టక, చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయుడు,
హోహెపా టిపా

తా.క.: కాగితం మూల చిరిగిందని దయచేసి తిప్పి పంపకండి. సంతకం చేసి బల్ల మీద పెట్టి, టీ కాచుకుని వచ్చేసరికి కొరికి ఉంది. పట్టపగలు, మనుషులు తిరుగుతుండగానే. అత్తకు చూపించాను. మూల తడిమి చూసి, "విందు అయిపోయిందిరా" అంది.