కమలాబాయి చెంబు

మంగళవారం, బోధన్

చెరకు కొట్టే కూలీల గుడిసెలో కమలాబాయికి పొద్దుటి నుంచి వాంతులు, విరేచనాలు. నీళ్లు తాగితే విరేచనాలు ఇంకా ఎక్కువవుతాయని, ఉపవాస ప్రార్థన పెట్టి ఆమె చెంబు పక్కకు జరిపింది వాళ్ల పాస్టర్‌నైన నేనే.

ఆశా వర్కర్ సుజాత వచ్చి చూసి, అంబులెన్స్‌కు ఫోన్ చేసింది. వెంటనే ఓఆర్‌ఎస్ కలిపి చెంచాతో తాపసాగింది.

"అన్నా, ఉపవాసం నువ్వుండు. గీమెకు నీళ్లు ఆపకు. కలరా లెక్కుంది. ఒంట్ల నీళ్లు అయిపోతెనే పాణం పోతది."

అంబులెన్స్ వచ్చేదాకా సుజాత చెయ్యి ఆగలేదు. సాయంత్రం ఆసుపత్రిలో కమలాబాయి గంజి అడిగింది.

దప్పిగొన్నవారికి నీళ్లిమ్మని ఇన్నేళ్లు గొంతు చించుకున్నాను. గ్రంథం నా చంకలో ఉంది, పాటించింది సుజాత. ఆదివారం చర్చిలో ఆమెనే ముందు నిలబెట్టాలి. కూలీలు తాగే కాలువ నీళ్లు మరగబెట్టమని ఆమే చెప్పాలి. చెంబు సంగతి మాత్రం నేనే చెప్పాలి...