గుమ్మం మీది వాగ్దానం

పాస్టర్‌గారికి వందనాలు. గుడివాడలో మా చెల్లి ఇంట్లో కూర్చుని రాస్తున్నాను.

ఆదివారం ఆరాధనకి మేమెందుకు రాలేదని అడిగారట. మొన్న బ్యాంకువాళ్లు పోలీసులతో వచ్చి నాగాయలంకలో మా ఇంటికి తాళం వేశారండీ. రొయ్యల చెరువు కోసం ఆ ఇల్లు తాకట్టు పెట్టిన సంగతి మీకు తెలుసు.

తప్పంతా వాళ్లదేనని అనను. వేసవిలో బ్యాంకు ఆఫీసరు వచ్చి, "పొలం అమ్మి కట్టేయండి, ఇల్లు నిలబడుతుంది" అని మంచిగానే చెప్పారు. మా ఆయన గుమ్మం మీద అంటించిన కార్డు చూపించారు. కొత్త సంవత్సరం ప్రార్థనలో మీరు పట్టుకున్న పళ్లెంలోంచి ఈ ఏడాదికని ఆయన చూడకుండా తీసుకున్న వాగ్దానం కార్డు. మా ఇల్లు స్థిరంగా ఉంటుందని అందులో బైబిల్ వాక్యం ఉంది.

"దేవుడే రాసిచ్చాడండీ, ఇంక మీ నోటీసు దేనికి?" అన్నారు.

పొలం అమ్మారు గానీ, ఆ డబ్బు మళ్లీ చెరువులోనే పోశారు. తెల్లమచ్చ తెగులొచ్చి రొయ్యలన్నీ చచ్చిపోయాయి.

తాళం వేసేటప్పుడు ఆయన అడిగింది ఆ కార్డొక్కటే. గోరుతో గీకితే సగమే ఊడొచ్చింది. ఆ సగం ముక్క జేబులో పెట్టుకుని తిరుగుతున్నారు.

మిమ్మల్ని ఏమీ అనడం లేదండీ. కొత్త సంవత్సరం ప్రార్థనకి రాని కుటుంబాలకి మీరే కార్డు తీసి పంపుతారు కదా. ఈసారి మాకు పంపకండి. అంటించుకోవడానికి గుమ్మం లేదు.