ఈజిప్టు రాజుగారికి మునసబు అర్జీలు

కాళహస్తి తాలూకా, 10 ఏప్రిల్ 1942

చిరంజీవి దొరస్వామికి మేనమామ, గ్రామ మునసబు మునిరామయ్య దీవెనలు.

పటాలంలో నీకు సెలవు దొరకలేదని మా చంద్రకాంతతో నీ పెళ్లి ముహూర్తం రెండుసార్లు మార్చాం. ఇప్పుడు నాయుడుపేట వాళ్లు పిల్లనడుగుతున్నారు. మీ అత్త, "మాఘం దాకా సూస్తాము, ఆపైన మా వల్ల కాదు" అంటోంది. నువ్వుండే దేశానికి రాజున్నాడట కదా. ఆయనకే అర్జీ పెడతాను. బిరుదులు రాసి పంపు.

ఇట్లు,
మునిరామయ్య

తా.క. పెద్దల దర్శనానికి పోతే చేతిలో నిమ్మకాయ పెట్టడం మన మర్యాద. రాజుకు ఎన్ని పెట్టాలి?

కైరో, 2 జూన్

పూజ్యులైన మామగారికి దొరస్వామి నమస్కారాలు.

రాజుగారున్నారు. కింద ప్రధానమంత్రి, ఎన్నికల పార్లమెంటు కూడా ఉన్నాయి. స్వతంత్ర దేశమని కాగితం మీద ఉంది. కానీ ఫిబ్రవరిలో ఇంగ్లీషు రాయబారి కోట చుట్టూ ట్యాంకులు నిలబెట్టి, ఫలానా ఆయన్నే ప్రధానమంత్రిని చెయ్యమన్నాడు. రాజుగారు ఒప్పుకుని సంతకం పెట్టారు. ఆయన నాకేం సెలవిప్పిస్తారు? దయచేసి అర్జీ పెట్టొద్దు. నా ఉద్యోగం పోతుంది.

ఇట్లు, మీ మేనల్లుడు,
దొరస్వామి

తా.క. ఇక్కడ నిమ్మకాయ ఇస్తే పిండుకుని తాగేస్తారు.

కాళహస్తి తాలూకా, 25 జులై

చిరంజీవి దొరస్వామికి దీవెనలు.

నీ ఉత్తరంతో ధైర్యం వచ్చింది. ఆ రాజు అడిగితే సంతకం పెడతాడన్నావు. మనకు కావలసిందీ సంతకమే. రాజుకు, ప్రధానమంత్రికి, పార్లమెంటు అధ్యక్షుడికి, రాయబారికి తలా ఒక అర్జీ పెట్టాను. ఎవరికీ మనసు నొవ్వకుండా ప్రతిదాంట్లో "అసలు ప్రభువులు తమరే, మిగతా ముగ్గురూ పేరుకే" అని రాశాను.

ఇట్లు,
మునిరామయ్య

తా.క. స్టాంపులు దండగని నాలుగూ ఒకే కవర్లో పెట్టాను.

కైరో, 8 అక్టోబరు

మామగారికి నమస్కారాలు.

మీ కవరు కోట నుంచి ప్రధానమంత్రికి, అక్కణ్నుంచి పార్లమెంటుకు, చివరికి రాయబారికి చేరింది. నలుగురూ నాలుగు అర్జీలూ చదివారు. మా మేజరు నన్ను పిలిచి, "ఎవరీ మునిరామయ్య? ఈ దేశం రాజకీయం ఇంత బాగా ఎలా తెలుసు?" అని అడిగాడు. గూఢచారేమో విచారించమని మద్రాసుకు రాశారు. రిపోర్టు మంచిగా వస్తే సెలవిస్తారట, లేకపోతే నన్ను జైల్లో వేస్తారట. నాకు భయంగా ఉంది మామా.

ఇట్లు,
దొరస్వామి

తా.క. ఇక ఎవరికీ ఏమీ రాయకండి.

కాళహస్తి తాలూకా, 14 డిసెంబరు

చిరంజీవి దొరస్వామికి దీవెనలు.

విచారణ కాగితం మద్రాసు నుంచి చిత్తూరు కలెక్టరుకు, ఆయన నుంచి తాసిల్దారుకు, ఆయన నుంచి "గ్రామ మునసబు విచారించి రిపోర్టు చేయవలెను" అని నాకే వచ్చింది. నా సంగతి నేనే విచారించడం రూలుకు విరుద్ధం. ఇరవై ఏళ్ల సర్వీసులో నాకు మచ్చ లేదు. అందుకని "మునిరామయ్య ఎటువంటివాడో పైవారే తేల్చవలెను" అని రాసి తిప్పి పంపుతున్నాను. మాఘం దాటిపోతుందని దిగులుగానే ఉంది. ఏం చేస్తాం, రూలు రూలే.

ఇట్లు,
మునిరామయ్య

తా.క. బావా, ఇది రాసేది నేను, చంద్రకాంతను. ఈ ఉత్తరమూ, ఆ రిపోర్టూ పోస్టులో వెయ్యమని నా చేతికిచ్చి నాయన సంతకు పోయినాడు. రిపోర్టు పొయ్యిలో వేసినాను. "విచారించినాము. మునిరామయ్య వట్టి అమాయకుడు. దొరస్వామికి సెలవు ఇవ్వవచ్చును" అని వేరేది రాసి, మునసబు ముద్ర కొట్టి పంపినాను. నువ్వు మాఘానికి వచ్చెయ్. పిల్లనిచ్చే ఉద్దేశం లేదని నాయుడుపేట వాళ్లకు పోయిన వారమే కాగితం పోయింది. దాని మీదా ఇదే ముద్ర.