గన్నవరం నుంచి ఇరవై యోజనాలు

పాలకాయతిప్ప,
10-1-2006

గోవర్ధనరావు బావకి రామరక్ష కలుగుగాక. ఫోను చేస్తే మా చెల్లి ఎత్తి సర్దిచెబుతుంది, అందుకే ఉత్తరం.

నువ్వు గన్నవరంలో విమానమెక్కి గంటలో హైదరాబాదులో దిగావట. చేపల వ్యాపారం కలిసొచ్చింది, సంతోషం. కానీ హంసలదీవి గుడి కమిటీ కాంతారావు నిన్న మా ఇంటికొచ్చి, మాఘ పౌర్ణమికి హనుమంతుడు సముద్రం దాటిన కథ ఈసారి నువ్వు చెబుతావన్నాడు. ఆకాశంలో తిరిగొచ్చినవాడు చెబితే కళ్ళకు కట్టినట్టుంటుందట. ఏళ్ళ తరబడి ఆ పీటమీద కూర్చుని చెప్పింది నేను. పక్కన తాళాలు వాయించింది నువ్వు.

కిష్కింధకాండ తియ్యి. ఏ వానరుడు ఎంత దూకగలడో వరసగా ఉంది. గన్నవరం నుంచి బేగంపేటకి ఆకాశమార్గాన రెండొందల యాభై కిలోమీటర్లు, అంటే ఇరవై యోజనాలు. గవాక్షుడనే కోతి దూకుతానన్నదీ అంతే. హనుమంతుడిది నూరు.

రాముడికి తప్ప ఎవరికీ తలవంచని,
రత్తయ్య

తా.క.: గవాక్షుడు టిక్కెట్టు కొనలేదు.

గుడివాడ,
16-1-2006

రత్తయ్య బావకి నమస్కారం. నేనెవరినీ అడగలేదు. మా కొట్టు దగ్గర విమానం సంగతి చెబుతుంటే కాంతారావుగారు విని కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. జాంబవంతుడూ ముసలాడే. ఎగరలేనని కుళ్ళుకున్నాడా? ఎగిరేవాణ్ణి పొగిడి లేపాడు. నువ్వూ ఆ పని చెయ్యి.

నీ మేలుకోరే,
గోవర్ధనరావు

తా.క.: ఈసారి తాళాలు నువ్వు వాయించు.

పాలకాయతిప్ప,
21-1-2006

బావా,

తాళాలమాట చదివి అన్నం ముట్టలేదు. గంట ప్రయాణమట! చీకటితో గుడివాడలో బస్సెక్కి, గన్నవరంలో పడిగాపులు పడి, బేగంపేటలో ఆటోవాడితో బేరమాడి నువ్వు చేరేసరికి మధ్యాహ్నమైంది. రాత్రి రైలెక్కినవాడు అప్పటికి రెండుసార్లు టిఫిన్ చేసుంటాడు.

అంగదుడు నూరు యోజనాలు వెళ్ళగలనన్నాడు, తిరిగి రావడమే అనుమానమన్నాడు. నువ్వు రైల్లో తిరిగొచ్చావని చెల్లి చెప్పింది. ఎందుకూ?

జవాబు కోసం గుమ్మంలోనే కూర్చున్న,
రత్తయ్య

తా.క.: ఇదే ప్రశ్న కాంతారావుకీ రాశాను.

గుడివాడ,
27-1-2006

బావా,

కథ చెప్పనని కాంతారావుగారికి కబురుపెట్టాను. నువ్వే చెప్పు. విమానం లేవగానే కళ్ళు మూసుకుని ముందుసీటు పట్టుకున్నాను. దిగమని భుజం తట్టేదాకా దండకం చదువుతూనే ఉన్నాను. ఇంక తిరిగి ఎక్కడమా? కొట్టు దగ్గర అందరూ ఎలా ఉందని అడిగితే ఏం చెప్పను? నీ పక్కన కూర్చుని విన్నదే చెప్పాను, మబ్బులు తొక్కుకుంటూ వెళ్ళామనీ, కింద సముద్రం ఆరేసిన వలలా ఉందనీ.

తాళాలు తీసుకుని వస్తాను.

నీ
గోవర్ధనరావు

తా.క.: హైదరాబాదు దారిలో సముద్రమెక్కడిదని ఒక్కడూ అడగలేదు.

పాలకాయతిప్ప,
15-2-2006

బావకి ఆశీస్సులు. మొన్న చేపల లారీ ఉందని నువ్వు మంగళం పాడగానే వెళ్ళిపోయావు. తర్వాత జరిగింది విను. అంత బాగా నేనెప్పుడూ చెప్పలేదు, నీకూ తెలుసు. జనం మెచ్చుకుంటారని పీట దిగి నిలబడ్డాను. కాంతారావు నా చెయ్యి పట్టుకున్నాడు.

"గోవర్ధనరావుగారి విమానం ముచ్చటంతా ఒక్కమాట పొల్లుపోకుండా బట్టీపట్టారండీ," అన్నాడు.

వెనక కథ వినడానికొచ్చిన మన ఊరి పోలమ్మ, పోనీలెండి, ఎగరనివాడికి ఆమాత్రం రావడమే ఎక్కువంది.

వాళ్ళకి ఏ కాండలో జవాబుందో ఇంకా వెతుకుతున్న,
రత్తయ్య

తా.క.: గన్నవరంలో నాకో టిక్కెట్టు తియ్యి, కిటికీ పక్కన. గంటేగా, రెప్ప వెయ్యను.