రాత్రిపూట ఆడే మోటరు

మంగళవారం, రాత్రి

ఈరోజు ఆరో తరగతికి ‘రన్’ చెప్పినాను. మనిషి పరిగెత్తినా, బస్సు నడిచినా, ముక్కు కారినా ఇంగ్లీషులో అదే మాట అన్నాను. పిల్లలు తలా ఒక వాక్యం చెప్పినారు. మల్లిక లేచి, “అవర్ మోటర్ రన్స్ ఎట్ నైట్” అనింది.

“మీ బోరు ఎండిపోయి, మోటరు అమ్మేసినారు కదమ్మా?”

“అవును టీచర్. అయినా రాత్రిపూట ఆడతాది. అమ్మ చేనికి పోయి ఆపేసి వస్తాది.”

పిల్లలు నవ్వినారు. నేనూ నవ్వినాను.

సాయంత్రం వాళ్లమ్మ పిల్ల కోసం బడికి వచ్చింది. మా తర్లుపాడులో చినుకు పడి ఎన్నాళ్లయిందో! ఆమె చీర మాత్రం మోకాళ్ల దాకా తడిసి, బురదగా ఉంది.

“నిన్న రాత్రి మోటరు ఆపలేదు టీచరమ్మా, పారనీలే అని వచ్చేసినా. ఇంకా పారతానే ఉంది” అనింది.

ఇప్పుడు ఫ్యాను ఆపేసి, చెవులు రిక్కించి కూర్చున్నాను.