గుండీలు లేని కోటు

ప్రియమైన పెద్దక్కకి,

కుర్చీలో సరిగ్గా కూర్చుని చదువు. నీ తమ్ముడు చేపలు పట్టడానికి వెళ్తున్నాడు. నవ్వకు. బావకి వినపడేలా అసలు నవ్వకు.

ముప్ఫై ఏళ్ళుగా ఈ ల్యాబ్‌లో కూర్చుని మైనంతో, పింగాణీతో కట్టుడు పళ్ళు చేస్తున్నాను. ఎంతమంది నోళ్ళో తెలుసు, ఒక్కరి ముఖమూ తెలీదు. నోటి అచ్చులు డబ్బాలో వస్తాయి, పళ్ళు డబ్బాలో వెళ్తాయి. ఇన్నాళ్ళకి సెలవు పెట్టి ఎటైనా పోదామని పుస్తకాలు తిరగేస్తే మళ్ళీ పళ్ళే ఎదురయ్యాయి. ఎండలు మండే చోట ఓ పెద్ద నది. అందులో ఒక చేపకి అచ్చం మనుషుల్లాంటి దవడ పళ్ళు ఉంటాయట! ఒడ్డున చెట్ల నుంచి పళ్ళు రాలితే పళ్ళతో నమిలి తింటుంది. ఏ పళ్ళు ఏవో నువ్వే తేల్చుకో. గాలానికి ఎర కూడా పళ్ళేనట.

అదే నదిలో ఇంకోటి ఉంది. దాని కింది కోరలు ఎంత పొడుగంటే, నోరు మూసుకోవడానికి పైదవడలో రెండు కన్నాలుంటాయి. ఆ అమరిక చేసినవాడెవరో గానీ నాకంటే పెద్ద పనివాడు. తర్వాత సముద్రం. అక్కడ పళ్ళన్నీ కలిసిపోయి చిలక ముక్కులా అయిన చేప, వీపు మీద తెరచాప ఎత్తుకుని తిరిగే చేప. నదికి వానలు తగ్గాక వెళ్ళాలి, సముద్రానికి గాలులు తగ్గాక. అందుకే రెండు ప్రయాణాలు. నేను పళ్ళు చేసిచ్చే డాక్టరు కూడా వస్తానన్నాడు. ఏది పట్టినా నోరు చూసి వదిలేస్తాం, చంపం. నీకు మాటిస్తున్నాను.

నువ్వు చెయ్యాల్సినవి రెండు. ఒకటి, చేతుల్లేని కోటు కుట్టిపెట్టు, ఒంటి నిండా జేబులతో, గట్టి గుండీలతో. పల్చటి గుడ్డ తియ్యి. మధ్యాహ్నం పడవ రేకు మీద చెయ్యి ఆనిస్తే బొబ్బలెక్కుతుందట. రెండు, చేపలు దొరకాలని ప్రార్థించు. నీ మాటకి పైన విలువుంది.

నీ
చిన్నా


చిన్నాకి,

ఉత్తరం చదివాను. నవ్వాను. బావకి వినపడింది.

"పళ్ళున్న చేప కోసం అంత దూరం ఎందుకట? పళ్ళు ఊడినవాణ్ణి నేనిక్కడే ఉన్నాగా" అన్నారు. నువ్వు చేసిన పళ్ళు పెట్టుకునే అన్నారు.

ఆ కోరల చేపని అమర్చిన పనివాడితో నాకు రోజూ మాటలున్నాయి. నీ మెప్పు అందజేశాను. చేపలు దొరకాలని అడగడం మాత్రం నా వల్ల కాలేదు. కళ్ళు మూసుకుంటే చేప ముఖమే కనిపించింది. నువ్వు క్షేమంగా ఉండాలని అడిగి లేచాను. మిగతాది నువ్వూ చేపా తేల్చుకోండి.

కోటుకి బూడిదరంగు నూలు గుడ్డ తీశాను. ముందే తడిపి ఆరేశాను, తర్వాత కుంచించుకుపోకుండా. ఛాతీ, భుజం కొలతలు పంపు. పోయినసారి ఊపిరి బిగబట్టి కొలిచావు. ఈసారి మామూలుగా నిలబడు.

అక్క


ప్రియమైన పెద్దక్కకి,

కొలతలు వెనకవైపు రాశాను. ఊపిరి వదిలే కొలిచాను, పొట్ట నీకే తెలుస్తుంది.

చిన్న మార్పు. గుండీలు వద్దు. పిల్లల బూట్లకి ఉంటుంది చూడు, పర్రుమని ఊడొచ్చే అతుకు పట్టీ, అది వెయ్యి. జేబు మూతలకి కూడా అదే. లోపలి జేబు జిప్పుకి ఓ పెద్ద రింగు తగిలించు, వేలు దూరేంత. నది మీద చలిగాలికి వేళ్ళు కొంకర్లు పోతాయట, గుండీలతో అవస్థట.

డాక్టరు రావడం లేదు. ఏదో పని పడిందట. పడవలో ఇద్దరికి చోటు, ఒకటి ఖాళీ. పోన్లే, కాళ్ళు చాపుకోవచ్చు. రైలు వచ్చే నెల చివరి ఆదివారం, పొద్దున్నే. గాలాలు, దారం, రీలు అన్నీ వచ్చేశాయి. దారం గాలానికి ముడి వెయ్యడం పుస్తకం చూసి నేర్చుకుంటున్నాను. బొమ్మలో ఉన్నంత తేలిక కాదు.

నీ
చిన్నా


చిన్నాకి,

పడవ రేకు మీద చెయ్యి ఆనిస్తే బొబ్బలెక్కుతుందని మొదటి ఉత్తరంలో రాశావు. అదే పడవలో వేళ్ళు కొంకర్లు పోయే చలి ఎక్కడిది?

బియ్యపు గింజంత పంటి మీద గీతలు చెక్కే చెయ్యి నీది. దానికి గుండీ బరువైందా?

పట్టీ వేశాను. రింగు తగిలించాను.

ఎన్నాళ్ళ నుంచి?

అక్క


ప్రియమైన పెద్దక్కకి,

నీ ఉత్తరం వచ్చి మూడు వారాలు దాటింది. రోజూ తీసి చదువుతున్నాను, జవాబు రాయకుండానే పెట్టేస్తున్నాను.

కిందటేడు నుంచి. ముందు కుడిచేతి బొటనవేలు ఒక్కటే వణికేది. దానికి ఏదో సరదా పుట్టిందనుకున్నాను. తర్వాత చెయ్యంతా అందుకుంది. మైనం చెక్కేటప్పుడు మోచెయ్యి బల్లకి అదిమిపెట్టి నెట్టుకొచ్చాను. ఈమధ్య ఎవరిదో ముందు పన్ను, నాలుగుసార్లు చేశాను. నాలుగోది కూడా పాసు మార్కులదే. మొన్న టీ తాగుతుంటే పక్క బల్ల ఆవిడ "ఏంటండీ, మీ కప్పు గజ్జెలు కట్టింది?" అంది. అందరూ నవ్వారు. నేను అందరికంటే గట్టిగా నవ్వాను.

నరాల డాక్టరు దీనికో పేరు చెప్పాడు. ఆ పేరు పలకడానికి నాకింకా నోరు రాలేదు. ప్రాణానికి ఇప్పట్లో ముప్పు లేదు, మందులు వేసుకుంటే నెమ్మదిస్తుంది, పోవడం మాత్రం పోదన్నాడు. చేతిపని ఎన్నాళ్ళు సాగుతుందో చెప్పలేనన్నాడు. నాకు చేతిపని తప్ప ఏం వచ్చక్కా?

పళ్ళ డాక్టరుకి పనేమీ పడలేదు. నేనే రావద్దన్నాను. ఒకే పడవలో పొద్దంతా ఎదురుగా కూర్చుంటే కనిపెట్టేస్తాడు. ఇంకా ఎవరికీ తెలీదు. చిన్నక్కకి అస్సలు చెప్పకు, సాయంత్రానికల్లా టముకు వేసేస్తుంది.

ఒంటరిగా వెళ్ళలేను. ముడి పడటం లేదు. అందుకే అడుగుతున్నాను, నువ్వు రా. నీ దగ్గర నాకు సిగ్గు లేదు. నాకు మొదట చొక్కా గుండీలు పెట్టింది నువ్వేగా. నువ్వు గాలం ముట్టుకోనక్కర్లేదు, దారం ముడి వేసిపెడితే చాలు. బావని రెండు వారాలు బతిమాలుకో. ఈ ఒక్కసారికి కాదనకు.

నీ
చిన్నా


చిన్నాకి,

నేను రాను.

మొన్నటి నుంచి దీని మీదే ప్రార్థనలో కూర్చున్నాను. రావాలనే ఉంది. అయినా రాను.

వస్తే ముడి నేను వేస్తాను. కోటు నేను తొడుగుతాను. కప్పు నేను పట్టుకుంటాను. నీకు హాయిగా ఉంటుంది. తిరిగొచ్చాక మళ్ళీ నీ సంగతి నాకొక్కదానికే తెలిసి ఉంటుంది. నువ్వుండే ఊళ్ళో నేను లేను. నీ ల్యాబ్‌లో లేను. నీకంటే పెద్దదాన్ని కూడా.

పడవ నడిపే అతనికి చెప్పు. ఎక్కువ అక్కర్లేదు. నా చేతులు వణుకుతాయి, ముడి నువ్వు వెయ్యి బాబూ అను. మళ్ళీ జన్మలో కనిపించని మనిషి. అతనితో మొదలుపెట్టు.

కోపం వస్తుంది నీకు. రానీ.

అక్క


పెద్దక్కకి,

అందింది. బళ్ళో పిల్లాడికి పాఠం చెప్పినట్టు బాగా చెప్పావు. నీ చేతులు నీ మాట వింటున్నాయి కాబట్టి చెప్పగలిగావు.

జీవితంలో నిన్ను ఒకటడిగాను.

ప్రయాణం మానుకున్నాను. కోటు పంపకు. ప్రార్థనలు కూడా పంపకు.

తమ్ముడు


చిన్నాకి,

కోటు పంపుతున్నాను. నీ కొలతలకి కుట్టింది, ఇంకెవరికీ పట్టదు.

రెండోది పంపకుండా ఉండటం నాకు చేతకాదు.

అక్క


ప్రియమైన పెద్దక్కకి,

పైన తపాలా ముద్ర చూశావా? నది ఒడ్డు నుంచి రాస్తున్నాను. నీ మీద కోపంతోనే బయలుదేరాను. ఇంట్లో కూర్చుంటే నువ్వన్నది నిజమని ఒప్పుకున్నట్టు, వెళ్తే నీ మాట విన్నట్టు. ఎటూ నువ్వే గెలిచేలా ఉన్నావు. కనీసం చేపలైనా దొరుకుతాయని రైలెక్కాను.

మొదటి రోజు పడవ అతనికి చెప్పలేదు. రెండు గాలాలు నీళ్ళలో పారేశాను, ఒకటి బొటనవేల్లో గుచ్చుకున్నాను. ముడి వేసుకోవడానికి వీపు అతని వైపు తిప్పి కూర్చున్నాను. అతను తెడ్డు ఆపి చూస్తూనే ఉన్నాడు. మర్నాడు పొద్దున అతను తాడు విప్పుతుంటే గబుక్కున అనేశాను. "నా చేతులు వణుకుతాయి. జబ్బు. ముడి నువ్వు వెయ్యాలి."

అతను నన్ను ఎగాదిగా చూశాడు. "జబ్బా! హమ్మయ్య. మీరు పొద్దున్నే తాగొస్తున్నారనుకున్నానండీ. మా ఆవిడతో కూడా అనేశాను, ఈసారి తాగుబోతు తగిలాడే అని" అన్నాడు.

ఎంత నవ్వానో! పడవ పట్టుకుని నవ్వాను. అతను కూడా నవ్వి, దారం నా చేతిలోంచి లాక్కుని, రెండు మెలికలు తిప్పి, పంటితో కొరికి ఇచ్చేశాడు. ఏడాదిగా నేను మోస్తున్నది తేల్చెయ్యడానికి అతనికి అంతసేపే పట్టింది. తర్వాత వాళ్ళావిడకి నా తరఫున సంజాయిషీ చెప్పాలని సాయంత్రం ఇంటికి తీసుకెళ్ళాడు. అక్కడ నాకు కప్పు నిండా కాకుండా సగమే పోసిచ్చారు, అడక్కుండానే. తొణకలేదు.

చేప నాలుగో రోజు పడింది. చెట్టు కింద నీడలో పండు వేశాం, గుడుక్కుమని మింగింది. కర్ర నేను పట్టుకున్నాను, నా నడుం అతను పట్టుకున్నాడు. పళ్ళెమంత చేప. పడవలో తడిగోనె మీద పెట్టి నోరు తెరిచాడు. అక్కా, అవి పళ్ళే. వరసగా, గుండ్రంగా, కాస్త పసుపుపచ్చగా. కింది వరసలో ఒకటి అరిగి ఉంది, ఏ పక్కన నమిలే అలవాటో చెప్పేయొచ్చు. అచ్చం బావది. చూపుడువేలు పెట్టి తడమబోయాను. "వేలు తియ్యండి! గింజలు పగలగొట్టే నోరది!" అని అరిచాడు. ఇంత పని చేసి వేలు చేపకిచ్చి వచ్చేవాణ్ణి.

వదిలేశాం. వదిలేముందు దాని ముఖం చూశాను. నువ్వన్నది నిజమే, దాని ముఖం చూశాక ఇంకేం అడగబుద్ధి కాదు.

ఇక్కడి నుంచే మా ల్యాబ్ యజమానికి రాశాను, ఉన్నదున్నట్టు. చెక్కడం ఎక్కువ కాలం చేయలేను, పళ్ళ రంగు కుదర్చడం కంటిపని, అది ఇవ్వండి అని అడిగాను. ఏమంటాడో చూడాలి. చిన్నక్కకి కూడా రాశాను. టముకు వేసుకోనీ, నాకు పని తగ్గుతుంది.

సముద్రం ప్రయాణానికి రెండో చోటు ఖాళీగానే ఉంది. నిన్ను మళ్ళీ ఇబ్బంది పెట్టను. పళ్ళ డాక్టరుకే రాద్దామనుకుంటున్నాను. నీ మీద కోపం పోయింది. నీ అంత గట్టిగుండె నాకుంటే బాగుండేది.

నీ
చిన్నా


ప్రియమైన చిన్నాకి,

ఉత్తరం బావ పైకి చదివారు. తన పన్ను సంగతి రెండుసార్లు చదివారు.

గట్టిగుండె అని రాశావు. కాదు. అలా అనుకుని ఉండకు, అందుకే ఇది రాస్తున్నాను.

నువ్వు మానుకున్నానని రాశావు. అయినా ఆ ఆదివారం మీ ఊరి స్టేషనుకి వచ్చాను. ముందురోజే బస్సెక్కాను. సంచీలో రెండు చీరలు, తువ్వాలు, నా మాత్రలు. నువ్వు రాకపోతే మీ ఇంటికి వచ్చేద్దామని. వస్తే, నీ ముఖం చూసి తేల్చుకుందామని.

వచ్చావు. కోటు వేసుకున్నావు. భుజాల దగ్గర బాగానే కుదిరింది.

రైలు వచ్చి ఆగాక నీ సంచీ నోరు తెరుచుకుంది. దాని బకిల్ పెట్టబోయావు. పడలేదు. మళ్ళీ పెట్టబోయావు. పక్కన అంతమంది నిలబడ్డారు, ఒక్కరినీ అడగలేదు. నేను పుస్తకాల దుకాణం వెనక ఉన్నాను. నీకూ నాకూ మధ్య ఓ సామాన్ల బండి, అంతే. నా కాళ్ళు కదిలాయి చిన్నా. స్తంభం పట్టుకుని ఆగాను. చివరికి నువ్వు ఆ సంచీని రెండు చేతులా గుండెకి హత్తుకుని, చంటిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని ఎక్కావు. రైలు వెళ్ళాక చాలాసేపు అక్కడే బెంచీ మీద కూర్చున్నాను. ప్రార్థన చేద్దామంటే ఒక్క మాట రాలేదు. ఊరికే కూర్చుని లేచాను. నువ్వు మొదటి రోజు వీపు తిప్పుకుని కూర్చున్నావని చదివినప్పుడు, నేను తప్పు చేశానేమో అనిపించింది. తర్వాతి పేజీ తిప్పడానికి భయమేసింది.

ఇంటికొచ్చి బావకి చెప్పాను. "మరి వెళ్ళిపోవాల్సింది, రెండు వారాలు నా బతుకు నేను బతికేవాణ్ణి" అన్నారు. అని, నాకు కంచంలో వడ్డించారు.

డాక్టరుకి అప్పుడే రాయకు. ఆ చోటు నాకు ఉంచు.

ఇప్పుడు నీకు నా అవసరం లేదు. కాబట్టి వస్తాను. ముడులు పడవవాళ్ళు వేస్తారు. సంచీకి నువ్వు ఎవరినైనా అడుగుతావు. నేను ఏ పనీ చెయ్యను, నీ పక్కన కూర్చుని చూస్తాను. నా జన్మలో సముద్రం మీదికి వెళ్ళలేదు. ఒడ్డు కనిపించనంత దూరం వెళ్తారా? పడవ బాగా ఊగుతుందా? చెరువు దాటే పడవకే నాకు కళ్ళు తిరుగుతాయని బావ గుర్తుచేశారు. నిజమే, తిరుగుతాయి.

తిరిగితే నన్ను పట్టుకో.

అక్క