తడి గోనెలు

అత్తయ్యగారికి,

నేను మీకు ఉత్తరం రాయడమేమిటని కవరు అటూ ఇటూ తిప్పి చూస్తారని తెలుసు. ఫోన్ చేస్తే వదిన ఎత్తుతుంది, స్పీకరు పెడుతుంది, మీ మోకాలికి కట్టు మార్చే నర్సు దగ్గర్నుంచి అందరూ వింటారు. ఇది అందరూ వినే మాట కాదు.

ముందు మీకు కావలసిన సంగతి. మీ కోళ్ళు బతికే ఉన్నాయి. ఆపరేషన్‌కి బయలుదేరుతూ గుమ్మంలో నిలబడి మీరు చెప్పినవన్నీ చేస్తున్నాను. గింజలు తెల్లవారగానే ఒకసారి, పొద్దు వాలాక ఒకసారి. మధ్యాహ్నం ఒక్క గింజ కూడా వేయడం లేదు, తిన్నది అరిగించుకునే వేడి కూడా వాటికెందుకన్నారు కదా. నీళ్ళ మూకుళ్ళు నీడ ఎటు జరిగితే అటు ఉండేలా పెడుతున్నాను. నిమ్మచెట్టు మొదట్లో మట్టి తడిపితే గోతులు చేసుకుని, పొట్టలు ఆనించి పడుకుంటున్నాయి. గూటికి పడమటి వైపు జాలీకి గోనె కట్టి, లాండ్రీ షాపులో భోజనాల వేళ ఇంటికి పరుగెత్తుకొచ్చి మరీ తడుపుతున్నాను. పొద్దస్తమానం ఇస్త్రీ పెట్టెల ఆవిరి ముందు నిలబడే మనిషిని నేను. నా మీద మాత్రం చెంబెడు నీళ్ళు పోసేవాళ్ళు లేరు.

మీకు కోపం వస్తే రానివ్వండి, కడుపులో ఉన్నది చెప్పేస్తాను. నేను టైఫాయిడ్‌తో మంచం పట్టినప్పుడు మీరు నా గదిలోకి తొంగి చూడలేదు. ఆ ఎర్రపెట్టకి నలత చేస్తే మాత్రం ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. ఆ రోజు నుంచి మీ కోళ్ళంటే నాకు ఒళ్ళు మంట. మీరు రైలెక్కినప్పుడు హమ్మయ్య అనుకున్నాను, అబద్ధమెందుకు.

మొన్న నేను గోనె తడుపుతుంటే మీ అబ్బాయి వచ్చి పక్కన నిలబడ్డాడు.

“ఎందుకే అంత హైరానా? ఎండకి పోయేవి పోతాయి.”

“పోతే మీ అమ్మగారికి నేనేం చెప్పుకోను?”

“కోళ్ళు లేకపోతే అమ్మ ఇక్కడికెందుకొస్తుంది? అక్క దగ్గరే హాయిగా ఉంటుంది. ఈ చోట్లో నేను అద్దాలు కోసుకోడానికి షెడ్డు వేసుకుంటా, నా షాపు అద్దె పీడ విరగడవుతుంది. నిన్నేం వాటిని చంపమనట్లేదు. ఊరికే ఉండు, చాలు.”

అత్తయ్యా, ఒక్క క్షణం నాకు సంతోషం వేసింది. మీరు లేని వంటింట్లో నేను పాట పాడుకుంటున్నట్టు కూడా ఊహించుకున్నాను. ఆ తర్వాతే అసలు సంగతి తట్టింది. మనిషిని ఇంటికి రాకుండా చెయ్యాలంటే ఆ మనిషిని ఒక్క మాట కూడా అనక్కర్లేదన్నమాట. ఆమెకి ఇష్టమైనదాన్ని ఎండకి వదిలేస్తే సరిపోతుంది. రేపు నేను అక్కర్లేకపోతే దేన్ని వదిలేస్తాడు?

నేను ఊరికే ఉండనని మొహం మీదే చెప్పేశాను. పెద్ద గొడవైంది. మీరు తిరిగొచ్చేదాకా మీ కోళ్ళు ఉంటాయి, మీ ఇంట్లో మీ చోటూ ఉంటుంది. ఇది మీ మీద ప్రేమ కాదు, అలా అనుకుని మురిసిపోకండి. వీలైనంత తొందరగా నడవడం మొదలుపెట్టి వచ్చేయండి.

ఇట్లు,
మీ కోడలు


అత్తయ్యా,

ఎలా రాయాలో తెలియడం లేదు. మీ కోళ్ళు పోయాయి. ఎర్రపెట్ట ఒక్కటే మిగిలింది.

కిందటి ఉత్తరంలో మీ అబ్బాయి గురించి నోటికొచ్చినట్టు రాశాను. అది చించేయండి. గొడవైన మర్నాటి నుంచీ ఆయన మారిపోయాడు. నేను అడక్కుండానే మూకుళ్ళు కడిగి నీళ్ళు పోశాడు. పక్కింటి ఫ్రిజ్‌లోంచి ఐసు ముక్కలు తెచ్చి వేశాడు. అద్దాలు కోసి కోసి గీతలు పడ్డ ఆ చేతులతో దోసకాయ ముక్కలు చేసి పెడుతుంటే, నేనే తొందరపడి మనిషిని అనుమానించానని సిగ్గుపడ్డాను.

నిన్న మబ్బు పట్టి ఒకటే ఉక్క. ఆకు కదల్లేదు. షాపులో ఏదో హోటలు వాళ్ళ దుప్పట్లు గుట్టలుగా వచ్చిపడ్డాయి. భోజనానికి కూడా వదల్లేదు. ఆయనకి ఫోన్ చేసి, కాస్త గోనె తడపమని బతిమాలాను. “నేను చూసుకుంటాగా, నువ్వు పని చేసుకో” అన్నాడు. ఆ మాటకి నాకెంత ధైర్యం వచ్చిందో!

సాయంత్రం వచ్చి చూస్తే గూటికి నాలుగు పక్కలా గోనెలు. తలుపుకి కూడా. మూల మూలకీ తీగతో బిగించి, నీళ్ళు కారేలా తడిపి ఉన్నాయి. తలుపు తీయగానే ఆవిరి నా మొహానికి కొట్టింది. ఇస్త్రీ పెట్టె ముందు నిలబడినట్టే ఉంది. నోళ్ళు తెరిచి, రెక్కలు పరిచి, ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. ఎర్రది తలుపు కింద సందులోకి ముక్కు పెట్టి పడుకుంది, అందుకే బతికింది. నీళ్ళు పట్టించి గాలికి పెడితే రాత్రికి లేచి నిలబడింది.

ఆయన మెట్టు మీద కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. “ఒక పక్క కడితేనే చల్లగా ఉంటే నాలుగు పక్కలా కడితే ఇంకా చల్లగా ఉంటుందనుకున్నానే” అన్నాడు. పొద్దస్తమానం ఆవిరిలో బతికేదాన్ని, గాలి ఆడాలి సుమా అని ఒక్క మాట చెప్పి ఉండాల్సింది నేనే కదా. ఆ చోటు చూడలేకపోతున్నానని ఇవాళ పొద్దున్నే జాలీ మొత్తం పీకేశాడు. మీకు ఫోన్ చెయ్యడానికి మొహం చెల్లడం లేదంటున్నాడు. ఆయన్ని ఏమీ అనకండి. అనేదేదో నన్ను అనండి, నాకు అలవాటే.

కోళ్ళు లేకపోయినా మీరు రండి. ఈసారి నేనే అడుగుతున్నాను.

మీ కోడలు


అమ్మాయ్,

నీ రెండు ఉత్తరాలూ చదివాను. మొదటిదానికే జవాబు రాయాల్సింది. మెచ్చుకోవడం నాకు చేతకాదు, అందుకని నీళ్ళు నములుతూ కూర్చున్నాను. టైఫాయిడ్ అప్పుడు నేను నీ గదిలోకి రాకపోవడం తప్పే. దానికి సాకు చెప్పను.

మావాడు బడికి వెళ్ళే రోజుల్లో ఒక ఎండాకాలం పిల్లలతో ఉన్న పెట్ట మీద బుట్ట బోర్లించి, చల్లగా ఉంటుందని చుట్టూ తడి దుప్పటి చుట్టాడు. తీసి చూసేసరికి తల్లీ లేదు, పిల్లలూ లేవు. వాడు అన్నం ముట్టలేదు. దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పాను. కోడికి చెమట పట్టదురా, నోరు తెరిచి రొప్పితేనే దాని ఒంట్లో వేడి బయటికి పోతుంది, గాలి ఆడకుండా తడి చేశావంటే ఉడికించినట్టే అని. ఆ తర్వాత ఏటా పడమటి గోనె కట్టింది వాడే. నువ్వు కాపురానికొచ్చి ఆ పని నీ నెత్తిన పడేదాకా వాడే కట్టాడు. ఏనాడూ రెండో గోనె ముట్టుకోలేదు.

అందుకే తలుపుకి కూడా కట్టాడని నువ్వు రాసిన చోట నేను చదవడం ఆపేశాను. మీ వదిన ఏమైందమ్మా అని అడిగితే మోకాలు సలుపుతోందన్నాను.

ఏడ్చాడని రాశావు. ఏడ్చే ఉంటాడు. అది దొంగ ఏడుపని నేననుకోను. వాడికి కోళ్ళంటే ఇష్టమే, నేనన్నా ఇష్టమే. ఇష్టమైనవాటినే చేతులారా చంపి, తర్వాత కూర్చుని నిజంగా ఏడవగలడని నాకు ఇప్పుడు తెలిసింది. ఈ వయసులో ఇది తెలియకుండా పోయినా బాగుండేది.

నేను రావడం లేదు. డాక్టరు మెట్లెక్కొద్దన్నాడని వాడితో చెప్పు. షెడ్డు వేసుకోమను. నాకు తెలిసిపోయిందన్న మాట మాత్రం వాడి చెవిన పడనివ్వకు. తెలిస్తే నాతో మాట్లాడ్డం మానేస్తాడు. వారానికోసారైనా ఫోన్‌లో వాడి గొంతు వినకుండా నేను ఉండలేను. సిగ్గులేని మాటే, అయినా ఉండలేను. కోళ్ళు ఎండకి పోయాయనే ఇక్కడ అందరికీ చెప్పాను. ఎవరూ నిన్ను వేలెత్తి చూపరు.

నీకు చెప్పకుండా ఊరుకుందామనే అనుకున్నాను. కానీ తప్పంతా నీదేనని నువ్వు నెత్తినేసుకుని, వాణ్ణి ఓదార్చుకుంటూ కూర్చున్నావు. నువ్వు అడ్డుపడ్డావు కనుక, నువ్వు చేసిన ఫోన్‌నే సాకు చేసుకుని తన చేత్తోనే పని కానిచ్చాడు. ఆ ఇంట్లో వాడితో ఉండేది నువ్వు. నీకు తెలియాలి.

ఎర్రపెట్టని అక్కడ ఉంచకు. మీ అమ్మ దగ్గరికి తీసుకెళ్ళు. నువ్వు కూడా వెళ్ళిపో అని రాయడానికి, వాణ్ణి కన్నదాన్ని, నాకు చెయ్యి రావడం లేదు. ఉండమని మాత్రం రాయను.

నీ అత్త